మోటారు మోత మారితే లేస్తాం, గుండె మోత మారితే పడుకుంటాం



ఈసారి పోస్టు మిర్చి రేటు గురించి కాదు, తామర పురుగు గురించీ కాదు. మన గుండె గురించి. కాస్త పొడుగ్గానే ఉంటది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. నేను డాక్టర్ని కాదు, పదో తరగతి దాకా చదివి నాగలి పట్టినోణ్ణి. కానీ ఈ విషయంలో మా ఇంట్లో ఒక దెబ్బ తిన్నాం, ఇంకో దెబ్బ తప్పించుకున్నాం. అందుకే రాస్తున్నా.

మొన్న ఫిబ్రవరిలో కల్లం కాడ కాపలా పడుకున్నా. నలభై టిక్కీల కాయ ఆరబోసి ఉంది. రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వచ్చింది. ఎవరో లేపినట్టు కాదు, లోపల్నుంచి గుండె లేపింది. దడదడదడ కొట్టుకుంటంది. నాలుగు దెబ్బలు కొట్టి ఒక దెబ్బ ఆగినట్టు, మళ్ళీ ఒక పెద్ద దెబ్బ గొంతు దాకా వచ్చినట్టు. లేచి కూర్చుని సీసాలో నీళ్ళు తాగా. గ్యాస్ అయ్యుంటదిలే, సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్నాం గదా అనుకున్నా. అరగంటకి తగ్గింది. తెల్లారి ఎవరికీ చెప్పలా.

అదే రాత్రి రెండు గంటలకి బోరు మోటర్ మోత కాస్త మారిందనుకోండి. రెండు ఫేజులే వచ్చి గుర్రుమంటందని తెలిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా టార్చిలైటు పట్టుకుని పరిగెత్తమా? ఎందుకు పరిగెత్తుతాం? వైండింగ్ కాలిపోతే వేలల్లో ఖర్చు, తడి ఆగిపోతే పంట పోతది. మరి మన ఛాతీలో మోటర్ మోత మారితే? సోడా తాగి అటు తిరిగి పడుకుంటాం. ఈ పోస్టులో నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క ముక్కే. మిగతాది వివరం.

మా బాబాయి కథ

ఐదేళ్ళ కింద సంగతి. మా బాబాయికి అప్పుడు అరవై ఒకటి. మనిషి ఉక్కు. ఏడాది పాటు అప్పుడప్పుడు "గుండెల్లో గుబగుబగా ఉంటందిరా" అనేవాడు. మేమందరం గ్యాస్ అన్నాం. ఊళ్ళో మందులిచ్చే ఆయనా గ్యాస్ బిళ్ళే ఇచ్చాడు. నాడి పట్టుకుని చూసిన మనిషి ఒక్కడు లేడు. నేనూ చూడలేదు.

ఒకరోజు పొద్దున గేదె పాలు పిండుతా ఉంటే చేతిలో చెంబు జారిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయ్. మూతి వంకర పోయింది. మాట ముద్ద ముద్దగా వస్తంది. మేం చేసిన రెండో తప్పు, ఆసుపత్రికి కాకుండా ముందు పసరు వేసే చోటుకి తీసుకుపోయాం. మర్నాడు గుంటూరు పోతే డాక్టరు గారు ఈసీజీ తీసి అడిగిన మొదటి ప్రశ్న: "ఇంతకుముందు గుండె దడ ఉండేదా?"

గుండె పై గదులు తాళం తప్పి, క్రమం లేకుండా వణికినట్టు కొట్టుకునే జబ్బట. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. పై గదులు సరిగ్గా ముడుచుకోకపోతే రక్తం అక్కడ నిలవ ఉండి గడ్డ కడతది. పారని కాలవలో నాచు పట్టినట్టు. ఆ గడ్డ ముక్క జారి మెదడుకి పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నోళ్ళకి పక్షవాతం వచ్చే ముప్పు లేనోళ్ళకంటే సుమారు ఐదు రెట్లు. ముందే తెలిసి, అవసరమైనోళ్ళకి రక్తం పలచబడే మందు మొదలుపెడితే ఆ ముప్పు చాలావరకు తగ్గిపోతది. పక్షవాతం వచ్చాక కూడా నాలుగున్నర గంటల లోపు సరైన ఆసుపత్రికి చేరితే, తగినోళ్ళకి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే వీలుంది. మేం ఏడాది ముందూ మేలుకోలేదు, ఆ నాలుగున్నర గంటలూ మేలుకోలేదు.

బాబాయి బతికే ఉన్నాడు. అరుగు మీద కూర్చుని రోడ్డు వంక చూస్తా ఉంటాడు. ఎడమ చేత్తో అన్నం తింటాడు. నేను ఎదురుపడ్డప్పుడల్లా ఆ "గ్యాస్" అన్న మాట నా గొంతులో అడ్డం పడతది.

దడ అంటే ఏంది?

గుండె కూడా కరెంటు మీద నడిచేదే. దానికి సొంత స్టార్టర్ ఉంది. అది ఒక వరసలో చిన్న చిన్న కరెంటు పంపితే గుండె ఒక వరసలో కొట్టుకుంటది. ఊరకే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళకి నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉంటే మామూలు. గుండె కొట్టుకునేది మామూలుగా మనకి తెలియదు. తెలిసిందంటే, వేగం పెరిగిందో, తాళం తప్పిందో, గట్టిగా కొడతందో, లేకపోతే మన మనసు దాని మీదకి పోయిందో ఏదో ఒకటి.

అన్ని దడలూ గుండె జబ్బు కాదు, ఇది గట్టిగా చెబుతున్నా. గట్టెక్కి పరిగెత్తినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, పాము కనపడినప్పుడు గుండె వేగం పెరగటం సహజం. ఆరోగ్యంగా ఉన్నోళ్ళకి కూడా మధ్య మధ్యలో ఒక దెబ్బ ముందుకు పడటం, ఆగినట్టు అనిపించటం ఉంటది. చాలామందికి దానివల్ల ఏ హానీ లేదు. కానీ ఏది హాని లేనిదో, ఏది మా బాబాయి లాంటిదో మన వేళ్ళూ, డాక్టరు మిషనూ చెప్పాల్సిందే. నోటితో "గ్యాస్" అనేస్తే తేలదు.

అందుకే ముందు నాడి చూడటం నేర్చుకోండి. ఇప్పుడే ఫోను పక్కన పెట్టి చేసి చూడండి. అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టు దగ్గర బొటనవేలు వైపు, రెండో చేతి చూపుడు వేలూ మధ్య వేలూ మెల్లగా ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, దానికీ సొంత నాడి ఉంటది, లెక్క తప్పుద్ది. ఫోనులో టైము పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు చూడాలి. ఒకటి, ఎన్ని. రెండు, వరసగా ఉందా, అడ్డదిడ్డంగా ఉందా. ఇంజను ఒకే తాళంలో ఆడుతందా, మిస్ఫైర్ కొడతందా అనేది చెవితో పట్టే మనకి ఇది పెద్ద విద్య కాదు.

మన దడకి మన కారణాలు

పట్నమోళ్ళకి ఏ కారణాలుంటయ్యో వాళ్ళు చూసుకుంటారు. మన వైపు నేను చూసినవీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ ఇవి.

మొదటిది టీ, ఖైనీ, సిగరెట్, మందు. కోతల టైములో ముఠాతో పాటు మనమూ రోజుకి ఎనిమిది పది టీలు. పైన ఖైనీ. రాత్రి కాపలా, నిద్ర లేదు. గుండెని మూడు వైపులా కొరడాతో కొట్టినట్టే.

రెండోది ఎండ. మే నెలలో చెమట పోయి నీళ్ళూ ఉప్పూ తగ్గిపోతే గుండె వేగంగా కొట్టుకుంటది. లీటరు నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలుపుకుని తాగుతా, నీడన కూర్చుంటే చాలామందికి తగ్గుద్ది. ఎండలో ఉండి మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతన్నా అది వడదెబ్బ, ఇంట్లో చూసేది కాదు. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నోళ్ళు ఓఆర్ఎస్ గురించి ముందే డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

మూడోది బిళ్ళలు. బీపీ బిళ్ళ బాగుందని మానేయటం మనకి అలవాటు. కొన్ని బీపీ బిళ్ళలు గుండె వేగాన్ని అదుపులో పెట్టేవి. అవి ఒక్కసారిగా ఆపేస్తే గుండె తాడు తెంచుకున్న కోడెలా పరిగెత్తుద్ది. అట్టాగే కొన్ని జలుబు బిళ్ళలు, ఆయాసానికి పీల్చే మందులు కూడా దడ తెస్తయ్. షుగరు బిళ్ళ వేసుకుని అన్నం తినకుండా పొలం పోతే షుగర్ పడిపోయి దడ, వణుకు, చెమట వస్తయ్. వెంటనే చక్కెర నీళ్ళో బెల్లం ముక్కో నోట్లో వేసుకోవాలి, స్పృహలో ఉంటేనే.

నాలుగోది పురుగు మందు. కొట్టినాక దడతో పాటు చెమటలు, నోట్లో లాలాజలం ఊరటం, కళ్ళు మసక, వాంతులు, కండరాలు అదరటం ఉంటే అది ఎండ కాదు, మందు ఒంట్లోకి పోయిందని అర్థం. ఇందులో నాడి ఒక్కొక్కరికి వేగంగా, ఒక్కొక్కరికి మరీ నెమ్మదిగా ఉంటది. బట్టలు తీసేసి, సబ్బుతో ఒళ్ళు కడిగి, వెంటనే ఆసుపత్రికి. మందు డబ్బా కూడా పట్టుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరుకి దారి తెలుస్తది.

ఐదోది కరెంటు షాక్. స్టార్టర్ కాడ షాక్ కొట్టి విసిరేసింది, లేచి దులుపుకుని వచ్చేశాం, మీసం మెలేశాం. ఆ తర్వాత దడగా ఉన్నా, కళ్ళు తిరిగినా ఆ రోజే ఈసీజీ తీయించాల్సిందే. బయట కాలిన మచ్చ చిన్నదే ఉండొచ్చు, లోపల గుండె తాళం తప్పి ఉండొచ్చు.

ఆరోది ఎర్ర తేలు. మన మెట్ట పొలాల్లో రాళ్ళ కింద ఉంటది. కుట్టినాక ఒళ్ళంతా చెమట, చేతులూ కాళ్ళూ చల్లబడటం, దడ వస్తే మంత్రం వేయించే టైము కాదది. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు, ప్రాజోసిన్ అనే చౌక బీపీ బిళ్ళ తేలు విషం నుంచి ప్రాణాలు కాపాడుద్దని 1980లలోనే లోకానికి చూపించారు. ఆయనకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పల్లెటూరి ఆసుపత్రిలో కూర్చుని మనలాంటోళ్ళ కోసం పని చేసిన మనిషి. ఆ బిళ్ళ ఎప్పుడు, ఎంత ఇవ్వాలో డాక్టరే చూడాలి. మనం చేయాల్సింది త్వరగా చేరటం.

ఇవి కాక రక్తహీనత, థైరాయిడ్, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోవటం, ఇవన్నీ దడ రూపంలోనే మొదట బయటపడొచ్చు.

ఆసుపత్రిలో తెలిసింది నా సంగతి కాదు

కల్లం కాడ ఆ రాత్రి తర్వాత వారంలో ఇంకో రెండుసార్లు వచ్చింది. మూడోసారి మా అబ్బాయి నాడి లెక్కపెట్టాడు. 96, మధ్య మధ్యలో ఆగుతంది. బాబాయి గుర్తొచ్చాడు. కోత ఆపి బస్సెక్కా. మా ఆవిడ ఒంటరిగా వద్దని వెంట వచ్చింది.

ఈసీజీ తీశారు. అది గుండెని పది సెకన్ల పాటు చూసే పరీక్ష. ఆ పది సెకన్లలో మన దడ రాకపోతే అందులో పడదు. ఈసీజీ బాగుంది కాబట్టి ఏమీ లేదని లేచి రావద్దు. నాకు ఒక రోజంతా ఒంటికి కట్టే హోల్టర్ మిషను పెట్టారు. రక్త పరీక్షలు, ఎకో కూడా చేశారు. చివరికి, మధ్యలో ముందు పడే దెబ్బలు తప్ప గుండె బాగుందని తేలింది. టీలు తగ్గించు, ఖైనీ మానెయ్, రాత్రి పడుకో అన్నారు. టీ రెండుకి దించా. ఖైనీ మీద ఇంకా కుస్తీ పడతన్నా, అబద్ధం చెప్పను. దడ మాత్రం చాలా తగ్గింది.

అసలు విషయం ఇప్పుడు. నాకు డాక్టరు గారు చెబుతుంటే పక్కన నిలబడ్డ మా ఆవిడ మెల్లగా "నాకూ అట్టాగే ఉంటదండీ, మెట్లెక్కితే, బిందె ఎత్తితే" అంది. ఎప్పటి నుంచి అంటే, సంక్రాంతి ముందు నుంచి. ఆమె కళ్ళ కింద రెప్ప లాగి చూసి రక్త పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 7. ఆడవాళ్ళకి 12 ఉండాలట. నెలసరిలో ఎక్కువ పోవటం, సరిగ్గా తినకపోవటం. రక్తం తక్కువైతే ఉన్న రక్తాన్నే గుండె ఎక్కువసార్లు తిప్పాలి, అందుకే దడ. రోజంతా నాతో పాటు కాయ కోసి, ఇంటికొచ్చి వంట చేసే మనిషి, సగం రక్తంతో నెట్టుకొస్తంది. నేను మిరప ఆకు ముడుచుకుంటే రెండు గజాల దూరం నుంచే కనిపెడతా. పక్కన మనిషి ముఖం పాలిపోతే కనిపెట్టలేకపోయా.

ఇప్పుడు ఐరన్ బిళ్ళలు వాడతంది. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాలి, టీతో కాదు. టీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనియ్యదు. రక్తం ఎక్కినా ఇంకో రెండు మూడు నెలలు వాడాలన్నారు. నెలసరి ఎందుకు అంత పోతందో అదీ చూపించాం. సోదరులారా, ఇంటికి పోయి మీ ఆవిడని, మీ అమ్మని అడగండి. "బాగున్నావా" అంటే బాగున్నా అనే చెబుతారు. "మెట్లెక్కితే దడ వస్తందా" అని అడగండి.

ఎప్పుడు పరిగెత్తాలి, ఎప్పుడు ఆగొచ్చు

నా మాట కాకుండా, డాక్టర్లు చెప్పినదాన్ని మన భాషలో రాస్తున్నా.

ఆ నిమిషానే 108 కి ఫోన్ చేయాల్సినవి:
- దడతో పాటు ఛాతీలో నొప్పి, బరువు, బిగింపు. ఎడమ చేతికో దవడకో పాకినా.
- ఊపిరి ఆడకపోవటం, చల్లటి చెమట.
- కళ్ళు తిరిగి పడిపోవటం, పడిపోబోయి ఆగటం.
- మూతి వంకర, చెయ్యీ కాలూ బలం తగ్గటం, మాట తేడా. ఇది దడ లేకపోయినా సరే.
- ఊరకే కూర్చున్నా నాడి 120 దాటి, పావుగంటకి కూడా దిగకపోవటం.
- కరెంటు షాక్, పురుగు మందు, తేలు కాటు తర్వాత వచ్చిన దడ.

ఈ స్థితిలో మనిషిని బండి మీద ఇద్దరి మధ్యన ఇరికించి తీసుకుపోవద్దు. దారిలో స్పృహ తప్పితే అందరూ పడతారు. ఆ మనిషే బండి నడుపుకుంటా పోవటం అసలే వద్దు.

ఈ వారంలోనే చూపించుకోవాల్సినవి: మళ్ళీ మళ్ళీ వచ్చే దడ, నాడి అడ్డదిడ్డంగా ఉండటం, దడతో పాటు బరువు తగ్గటం, చేతులు వణకటం, పని చేస్తంటే వచ్చే దడ. ఇంతకుముందే గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నోళ్ళు, గర్భిణులు, ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయినోళ్ళు ఉన్నవాళ్ళు ఇంకా త్వరగా పోవాలి. స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ తీసినట్టు ఆగిపోయే దడ కుర్రాళ్ళలో కూడా వస్తది. దాన్ని దయ్యమనీ భయమనీ కొట్టిపారేయొద్దు. దానికి వైద్యం ఉంది, చాలామందికి పూర్తిగా నయమవుద్ది.

ఎప్పుడో ఒకసారి ఒక్క క్షణం దెబ్బ తప్పినట్టుండి, ఇంకే ఇబ్బందీ లేకపోతే కంగారు పడొద్దు. రాసిపెట్టుకోండి, ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు చెప్పండి.

పోయేటప్పుడు ఖాళీ చేతుల్తో పోవద్దు. ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తండగా, ఎంతసేపు, నాడి ఎంత, ఏ బిళ్ళలు వాడుతున్నాం, ఇవి ఒక కాగితం మీద రాసుకుపోండి. దడ ఆడుతుండగానే దగ్గర్లో ఈసీజీ తీయించుకోగలిగితే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఆ కాగితం పారేయొద్దు, పాస్‌బుక్కుతో పాటు దాచండి. పెద్ద వైద్యం అవసరమైతే ప్రభుత్వ పథకం కింద అవుతుందో లేదో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడగండి, అప్పు చేయకముందే అడగండి.

రెండు మాటలు, కోపం వచ్చినా సరే

ఊళ్ళో మందులిచ్చే వాళ్ళని నేను తిట్టను. అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది వాళ్ళే. కానీ దడ అన్నోడికి నాడి చూడకుండా, బీపీ చూడకుండా సూది గుచ్చి సెలైన్ ఎక్కించటం ఇక చాలు. "ఇది నా చేతిలోది కాదు, టౌనుకి పోండి" అని చెప్పేవాడే మంచి వైద్యుడు. మనమూ మారాలి. సూది వేయకపోతే డబ్బులివ్వం, పోండి అంటే వేరే ఆయన దగ్గరికి పోతాం. ఆ అలవాటు నేర్పింది మనమే.

ఇంకోటి. పీహెచ్‌సీలో ఈసీజీ మిషను ఉందా, ఉంటే పనిచేస్తందా, తీసేవాళ్ళున్నారా? గ్రామసభలో రోడ్డు అడుగుతాం, డ్రైన్ అడుగుతాం, ఇది అడగం. ఈసారి అడుగుదాం. నేను మా ఊళ్ళో అడుగుతా, మీరు మీ ఊళ్ళో అడగండి.

కొందరికి దడ గుండెది కాదు, అప్పుది. రేటు పడ్డ రోజు, వడ్డీ కట్టాల్సిన రోజు గుండె ఆగకుండా కొట్టుకుంటది, నిద్ర రాదు. అది నటన కాదు, పిరికితనం కాదు. ముందు గుండె పరీక్ష చేయించి, అది బాగుందని తేలినాక మనసుకీ వైద్యం అడగొచ్చు. టెలీ మానస్ అని ప్రభుత్వ నంబరు ఉంది, 14416. ఎప్పుడైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఒక్కడివే కల్లం కాడ కూర్చుని మింగొద్దు.

భయపెట్టటానికి రాయలేదు. ఎకరానికి లక్షలు పెట్టుబడి పెట్టి, ఆకు మీద చుక్క కనపడితే షాపు కాడికి పరిగెత్తే మనం, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా, బయటైతే కొన్ని వందలకి అయ్యే ఈసీజీకి ఏడాది వెనకాడితే ఎట్టా? మా బాబాయికి ఆ ఏడాదే సరిపోయింది.

ఈ రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో అందరి నాడీ ఒకసారి చూడండి. ఎరువుల లెక్క రాసే పుస్తకంలోనే చివరి పేజీలో పేరు, తేదీ, అంకె రాసిపెట్టండి. ఎవరిదైనా తాళం తప్పుతంటే కోత ఉందని ఆగొద్దు. కాయ రెండు రోజులు చెట్టు మీద ఆగుద్ది.